ఇరవై నాలుగు రోజుల నల్లనూనె చట్టం

తుపాను పోయిన మూడో రోజు

పొద్దున్నే కరెంటిచ్చే ఎండపలకల మీద ఉప్పు తుడిచాను. మా కప్పు మీద ఆరు పలకలుండేవి, తుపాను తీసుకుపోగా రెండు మిగిలాయి. ఊరు మొత్తం మీద తొమ్మిది వందల పైచిలుకు ఉంటే నూటడెబ్భై దొరికాయి, అందులో కొన్ని మడచెట్ల కొమ్మల్లో. తర్వాత వంతులో నిలబడి రెండు బిందెల నీళ్ళు తెచ్చుకున్నాను. మామూలు రోజుల్లో ఆరు బిందెలు. ఆ రెంటితోనే వంట, తాగడం, ఒళ్ళు తుడుచుకోవడం. బట్టల సంగతి దేవుడెరుగు.

నా పేరు నూకరత్నం. గుంజలంక ఊరి రాయసాన్ని. సభ ఏం తీర్మానించినా దాన్ని జనానికి అర్థమయ్యే మాటల్లో చట్టంగా రాసే పని నాది. పదహారేళ్ళలో నలభై ఒక్క చట్టాలు రాశాను, ఒక్కదాని మీద కూడా ఎవరూ వేలు పెట్టి ఇది తప్పని చూపించలేదు. ఇది గొప్పే. గొప్ప పని గొప్పగానే చెప్పుకుంటాను, ముడుచుకు కూర్చోడం నాకు చాతకాదు. ఆపద వచ్చి చట్టం చేస్తే అది బతికినన్నాళ్ళూ రాసిన మనిషి రోజువారీ పుస్తకం రాయాలని ఊరి నియమం. ఆపద్ధర్మ చట్టం ఒకటి రాక తప్పదని తెలుస్తూనే ఉంది కాబట్టి నేను ముందే మొదలెట్టాను.

ఇళ్ళలో దీపాలకి పలకలు చాలు గానీ, పెద్ద పనులన్నీ నడిచేది నాచునూనె మీదే. ఊరికి ఉత్తరాన కుంటల్లో నాచు పెంచి, పిండి, ఆ నూనెతో రేవు మీద పెద్ద బాయిలర్ నడుపుతాం. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మిషనూ, ఆసుపత్రీ దాని మీదే నడుస్తాయి. తుపాను గట్లు తెంచింది, కుంటల్లోకి కెరటం వచ్చింది, నాచంతా తెల్లబడి చచ్చింది. మా ఆయన మూడు కూజాల విత్తనపు నాచు ఒళ్ళో పెట్టుకుని అటక మీద కూర్చుని కాపాడాడు. అది మళ్ళీ కుంటల నిండా పెరగాలంటే ఇరవై నాలుగు రోజులు. ఊళ్ళో ఉన్న నూనె నాలుగు రోజులకి.

ఇక మిగిలింది రేవు కింద పాత ట్యాంకుల్లో నల్లనూనె. గంధకం కంపు కొట్టే పాతకాలపు సరుకు. దాన్ని మండించకూడదని పంతొమ్మిదేళ్ళ కిందట పొగ చట్టం చేసి సీలు వేశాం. ఆ చట్టం ఎవరి వల్ల వచ్చిందో ఊరంతటికీ తెలుసు. మా తోటికోడలు మరిడమ్మ, అంటే మా బావగారి భార్య, అప్పట్లో బాయిలర్‌లో ఆ నూనె పోసేది. తొమ్మిదేళ్ళు పోసి ఊపిరితిత్తుల్లో సగం అక్కడే వదిలేసింది. ఆవిడతో పనిచేసినవాళ్ళంతా పడమటి వరసలో ఉంటారు, అరవై ఒక్క ఇళ్ళు. బాయిలర్ ఊరికి తూర్పు కొసన, దాని అవతల సముద్రమే. సముద్రం మీంచి గాలి వీచిందా, పొగ సూటిగా పడమటి వరస మీదికే.

మరిడమ్మక్కకి రోజూ గంజి పట్టుకెళ్తాను. బావగారు పోయాక అలవాటైంది. డాక్టరమ్మ ఇచ్చిన గొట్టంలో ఆవిడ ఊదుతుంది, ముల్లు ఎంత చూపిస్తే అంత గోడ మీద రాస్తాను. ఇవాళ 230. నేను ఊదితే నాలుగొందలు వస్తుంది. నూటయాభైకి తగ్గితే మంచమనీ, వందకి తగ్గితే ఇక తన చేతుల్లో లేదనీ డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది.

"నల్లనూనె తీస్తారటగా?" అంది అక్క.

"ఎవరు చెప్పారు?"

"నీ మొహం చెప్తోంది. గంజిలో ఉప్పెయ్యడం మర్చిపోయావు."

 గిన్నె కడిగి వచ్చేశాను.

చట్టం 1వ రోజు

సభ మూడు గంటలు సాగింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏంటో ఇవాళ తెలిసింది. నల్లనూనె ముట్టుకోకపోతే నాలుగో రోజుకి తాగడానికి నీళ్ళుండవు. ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పసికందులు ఏడుగురు గాజుపెట్టెల్లో ఉన్నారు. ఆ పెట్టెలు చల్లబడితే గంట బతకరు. ముట్టుకుంటే పొగ.

సభాపెద్ద కామేశం గారు ఇరవై నాలుగు గంటలూ మండిద్దామన్నారు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర మనిషి. డాక్టరమ్మ షంషాద్ లేచింది. "గాజుపెట్టెల్లో ఏడుగురూ నా రోగులే, పడమటి వరసా నా రోగులే. నన్ను ఒకళ్ళని ఎంచుకోమనకండి. ఇద్దరికీ సరిపడేట్టు రాయమని రత్నమ్మకి చెప్పండి," అంది.

అందరూ నా వైపు చూశారు. ఆ చూపు కోసమే పదహారేళ్ళుగా ఈ పని చేస్తున్నానని ఒప్పుకుంటాను.

ఏడు వాక్యాల్లో రాశాను. నల్లనూనె నీటి మిషనుకీ ఆసుపత్రికీ తప్ప, ఫ్యానుకీ దీపానికీ ఐసుకీ వాడకూడదు. బాయిలర్ కడిగిన నీళ్ళు మడ అడవిలోకి వదలకూడదు, పీపాల్లో పట్టాలి. ఇక్కడ కామేశం గారు, "మనుషులు చస్తుంటే చెట్లేంటి రత్నం?" అన్నారు. "ఆ చెట్లే అడ్డం లేకపోతే తుపాను రోజు మీరూ నేనూ కొట్టుకుపోయేవాళ్ళమండి," అన్నాను. తర్వాతది చదవమన్నారాయన.

నాలుగో వాక్యం నాకు బాగా నచ్చింది. ఈ రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం మీదికి పోతుంది, ఎండెక్కాక తిరుగుతుంది. కాబట్టి పొద్దున ఐదింటి నించి తొమ్మిదింటి దాకానే మండించాలని రాశాను. ఆ నాలుగు గంటల్లో నీళ్ళు తీసి ట్యాంకులు నింపాలి, ఆసుపత్రి బ్యాటరీలు నింపాలి. మిగతా రోజంతా బాయిలర్ చల్లారి ఉండాలి. ఇరవై నాలుగో రోజు సాయంత్రం చట్టం చస్తుంది.

మా ఊళ్ళో చట్టాన్ని రాసినవాళ్ళ పేరుతో పిలుస్తారు. సాయంత్రానికల్లా బిందెల వరసలో అందరి నోటా నూకరత్నం చట్టమే.

3వ రోజు

నేను అనుకున్నట్టే పొగ సముద్రం మీదికి పోతోంది. బాయిలర్ నడిపే సూరిబాబు ఐదుకి వెలిగిస్తాడు, తొమ్మిదికి ఆర్పేస్తాడు. నిమిషం అటూ ఇటూ లేదు. ఇంటికి మూడు బిందెలొస్తున్నాయి. అక్క ఊపిరి 225. "నీ చట్టం బానే ఉందే, ఇవాళ ఉప్పు కూడా సరిపోయింది," అంది.

6వ రోజు

ఏడున్నరకి గాలి తిరిగింది.

నేను నీళ్ళ వంతులో ఉన్నాను. పడమటి వరస మీద నల్లగా దుప్పటి పరుచుకోవడం కనిపించింది. తొమ్మిది కాకుండా బాయిలర్ ఆగదని నాకు తెలుసు, అయినా రేవుకి పరిగెత్తకుండా అక్క ఇంటికి పరిగెత్తాను. అది నా రెండో తప్పు. వెళ్ళేసరికి అక్క వాకిట్లో చతికిలపడి చేత్తో గుంజ పట్టుకుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎవరిదో పడవ దొరికితే ఆసుపత్రికి చేర్చాం. గొట్టంలో ఊదిస్తే 110. ఆ వరసలో ఇంకా ఇరవై ఎనిమిది మంది దగ్గుతూ వచ్చారు.

మధ్యాహ్నం సూరిబాబు దగ్గరికి వెళ్ళాను. కొట్టేద్దామన్నంత కోపంగా ఉంది.

"గాలి తిరగడం నీకు కనబడలేదా?"

"కనబడిందండి."

"మరి ఆపలేదేం?"

"చట్టంలో తొమ్మిదని ఉందండి. మీరే కదండీ రాశారు." పాపం వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఏడున్నర నించి తొమ్మిది దాకా గడియారం వంకే చూశానండి. ఎంతకీ అవలేదండి."

కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. చట్టానికి సొంత తెలివి కలపకూడదని బళ్ళో వాడికి నేర్పింది మేమే. తుపాను తర్వాత తిండి గోదాం తలుపు వారం రోజులు ఊడిపోయి ఉన్నా ఒక్క పొట్లం పోని ఊరు మాది. చట్టం మాట చట్టమే అని చెప్పుకుని మురిసిపోతాం. ఆ మురిపెమే ఇవాళ మా కొంప ముంచింది. సూరిబాబు తప్పు చెయ్యలేదు. నేనే గాలి గురించి రాయాల్సిన చోట గడియారం గురించి రాశాను. ఏడు వాక్యాల్లో ఇమడాలని, చదివితే చక్కగా ఉండాలని రాశాను.

సిగ్గేసింది. ఇవాళ ఇంతకన్నా రాయలేను.

7వ రోజు

మా ఊరికి ఒక పద్ధతి ఉంది. ఆపద్ధర్మ చట్టం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే, రాసిన మనిషి వాళ్ళ గడప బయట నిలబడి చట్టం మొత్తం చదవాలి. ఏ వాక్యం తగిలిందో దెబ్బతిన్నవాళ్ళు చెప్పాలి, దాని బదులు ఏముండాలో కూడా చెప్పాలి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. సభ కాదంటే మొత్తం చట్టమే పోతుంది. దీన్ని గడప చదువు అంటాం. పదహారేళ్ళలో నాకా అవసరం రాలేదు.

అక్క ఇంకా ఆసుపత్రిలోనే ఉంది కాబట్టి ఆ గది గడపే గడప అయింది. వసారా నిండా పడమటి వరస జనం.  ఏడు వాక్యాలూ చదివాను.

"నాలుగోది మళ్ళీ చదువు," అంది అక్క, మాస్కు పక్కకి లాగి.

మళ్ళీ చదివాను.

"నీ చేతికి గడియారం ఉంది గనక గంటలు రాశావు. నాకు గడియారం లేదు, ముక్కుంది. గంటలు కొట్టెయ్." కాసేపు ఊపిరి తీసుకుంది. "గాలి సముద్రం మీదికి పోయినంతసేపే మండించాలి, తిరగ్గానే ఆపాలి. రాసుకో."

"తిరిగిందని ఎవరు చెప్పాలక్కా?"

"బాయిలర్ కాడ కూర్చున్నవాడికి పొగ వీపు వెనకుంటుంది. మాకు మొహమ్మీదుంటుంది. జెండా మా వరసలో పెట్టు. ఎర్రజెండా ఎగిరితే బాయిలర్ ఆగాలి. ఎగరేసేదీ దించేదీ నేనే."

ఒక్క మాట మార్చకుండా రాసుకున్నాను. చెప్పొద్దూ, నేను రాసినదానికంటే బాగుంది.

సభలో కామేశం గారు అభ్యంతరం చెప్పారు. "మంచాన ఉన్న మనిషి చేతిలో ఊరి నీళ్ళు పెడతారా?" అని. "నిన్నటిదాకా ఊరి చేతిలో ఆవిడ ఊపిరి పెట్టాం కదండి," అంది డాక్టరమ్మ. చేతులు లేచాయి. మార్పు నిలబడింది. కామేశం గారు కూడా చివర్లో చెయ్యెత్తారు, మొహం అటు తిప్పుకుని.

12వ రోజు

అక్క ఇంటికొచ్చి మూడు రోజులైంది, అందాకా ఆవిడ మాట మీద వరసవాళ్ళే జెండా చూశారు. ఊపిరి 180. చీర అంచు చింపి చూరుకి కట్టింది, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన జెండా కర్ర, తాడు. నేను గంజి తీసుకెళ్తే తాగడానికి కూడా దృష్టి మళ్ళించదు.

"ఆ గుడ్డ ఊగుతోంది కదక్కా, జెండా ఎగరెయ్యవేం?"

"గుడ్డ ఊగడం కాదే, ఎటు ఊగుతుందో చూడు. ఊరికే రాయసం అయిపోయావు."

ఇంకా నవ్వొచ్చే సంగతేంటంటే, నా గంటల చట్టం కంటే ఆవిడ జెండా చట్టంలో నీళ్ళెక్కువొస్తున్నాయి. కొన్ని రోజులు ఎనిమిదికే ఆపేయిస్తుంది, కొన్ని రోజులు పదకొండు దాకా మండనిస్తుంది. నేను తొమ్మిదికి ఆర్పించి మంచి గాలిని వృథా చేసేదాన్నన్నమాట. ఇంటికి నాలుగు బిందెలొస్తున్నాయి. కుంటల మీద మసి పడలేదు, నాచు పచ్చబడుతోందని మా ఆయన పచ్చటి చేతులు చూపించి మురిసిపోయాడు. గాజుపెట్టెల్లో పిల్లలు ఇద్దరు బరువు పెరిగి అమ్మల ఒళ్ళోకి చేరారు. బిందెల వరసలో ఇప్పుడు దీన్ని మరిడమ్మ చట్టం అంటున్నారు. ఒకరోజు మనసు చివుక్కుమంది నాకు. రెండో రోజు నేనే అనడం మొదలెట్టాను.

17వ రోజు

పొద్దుటి నించీ సముద్రపు గాలే. ఎర్రజెండా దిగలేదు, బాయిలర్ వెలగలేదు.

18వ రోజు

ఇవాళా అంతే. సముద్రంలో ఎక్కడో వాయుగుండం పట్టిందనీ, గాలి ఇంకో మూడు రోజులు తిరగదనీ రేడియోలో చెప్పారు. ట్యాంకుల్లో నీళ్ళు అడుగంటాయి. ఆసుపత్రి బ్యాటరీలు రేపు సాయంత్రం దాకా వస్తాయట. పెట్టెల్లో ఇంకా ఐదుగురున్నారు.

మధ్యాహ్నం కామేశం గారు మా ఇంటికొచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "రత్నం, ఆ జెండా మాట రెండు రోజులు పక్కన పెడుతూ ఒక్క వాక్యం రాయి. నేను సంతకం చేస్తాను. పాపమంతా నాదే," అన్నారు.

అబద్ధం రాయడానికి కాదు ఈ పుస్తకం. నేను కలం తీశాను. ఐదుగురు పసివాళ్ళు. ఒకడి వేళ్ళు నా చెవి పోగంత కూడా లేవు, నిన్న చూశాను. కలం కాగితం మీద పెట్టాక, ఈ వాక్యం వల్ల ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ళ గడప బయట నిలబడి చదవాలి కదా అనుకున్నాను. అప్పటికి ఆ ఇంట్లో వినేవాళ్ళుంటారా అని భయమేసింది. కలం కింద పెట్టేశాను.

"నేను రాయనండి. ముందు అక్కని అడుగుదాం రండి," అన్నాను.

ఇద్దరం వెళ్ళాం. కామేశం గారు పడమటి వరసలో అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో. అక్క అంతా వింది. ఊపిరి 190కి వచ్చి ఉంది, మళ్ళీ పొగ తగిలితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు.

"పిల్లలెంతమంది?" అంది.

"ఐదుగురండి," అన్నారు కామేశం గారు. ఆయన అక్కని అండి అనడం ఎప్పుడూ వినలేదు.

"పొగ ఎటు పోవాలో మనం చెప్పలేం. మనుషులెటు పోవాలో చెప్పుకోగలం," అంది అక్క. "వరసంతా ఖాళీ చేస్తాం. దక్షిణపు వరసలో మీ ఇళ్ళు పెద్దవి కదా, అటు పొగ రాదు కదా. ఇక్కడ ఒక్క ప్రాణి ఉన్నా నేను జెండా దించను. అందరూ వెళ్ళాక దించుతాను."

కామేశం గారు తల గోక్కున్నారు. దక్షిణపు వరసంటే సభలో కూర్చునేవాళ్ళ ఇళ్ళు. "ఎన్ని రోజులు?" అన్నారు.

"గాలి తిరిగేదాకా. మీ ముందుగది నాకు. కిటికీ ఉన్నదే కావాలి."

19వ రోజు

ఇవాళ మా ఊరు చేసింది రాయడానికి నా చేతికొచ్చిన భాష చాలదేమో. అయినా రాస్తాను.

సభ ఆజ్ఞ ఇవ్వలేదు, వేళ చాలలేదు. నేను పొద్దున్నే దక్షిణపు వరసలో ఇంటింటికీ వెళ్ళి చెబుదామని బయల్దేరితే, కాలవలో వాళ్ళ పడవలే అప్పటికే ఎదురొస్తున్నాయి. ముప్ఫై తొమ్మిది పడవలు. కామేశం గారి భార్య చీర బిగించి తానే తెడ్డు వేస్తోంది. మంచాలు, కుర్చీలు, మూలిగే ముసలాళ్ళు, మేకలు, గంపల కింద కోళ్ళు. ఒకావిడ రుబ్బురోలు లేకుండా కదలనంది. "మా ఇంట్లో రోలు లేదనుకున్నావా?" అని దక్షిణపు వరసావిడ దెబ్బలాడింది. చివరికి రోలు కూడా పడవెక్కింది. మూడున్నర గంటల్లో రెండు వందల పన్నెండు మంది. నేను గుమ్మం గుమ్మానికీ తిరిగి పేర్లు కొట్టేస్తూ వచ్చాను.

ఆఖరి పేరు మరిడమ్మది. ఆవిడని కుర్చీతో సహా మోయడానికి సూరిబాబు వచ్చాడు. ఆరో రోజు తర్వాత ఆవిడ కంటపడకుండా తిరుగుతున్నాడు వాడు.

"నువ్వు ఇక్కడుంటే బాయిలర్ ఎవరు చూస్తారురా?"

"మిమ్మల్ని దింపి పోతానండి."

వాడు ఎత్తగానే కుర్చీ ఓ పక్కకి ఒరిగింది. "తిన్నగా పట్టుకో సూరీ, నేనేమన్నా బియ్యం బస్తానా," అంది. వాడు నవ్వబోయి ఏడ్చేశాడు. అక్క వాడి తల మీద చెయ్యేసి, తర్వాత జెండా తాడు విప్పింది. ఎర్రగుడ్డ కిందికి దిగింది.

బాయిలర్ ఐదు గంటలు మండింది. కామేశం గారి మేడ మీంచి అందరం చూశాం. అరవై ఒక్క ఇళ్ళూ పొగలో కనబడకుండా పోయాయి. పడమటి వరస జనం ఎవరి ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ నిలబడ్డారు. నాకు దుఃఖం వచ్చింది, గర్వమూ వచ్చింది, రెండూ ఒకేసారి ఎలా వస్తాయో తెలీదు. సాయంత్రం డాక్టరమ్మ మనిషిని పంపింది, బ్యాటరీలు నిండాయనీ, ఐదుగురూ క్షేమమనీ. అక్కకి చెప్తే, "ఆ పిల్లలకి పాలు సరిపోతున్నాయా?" అని అడిగింది.

22వ రోజు

నిన్న గాలి తిరిగింది. ఇవాళ పొద్దుటి నించీ ఊరంతా పడమటి వరస కప్పులు కడుగుతోంది. మసి నీళ్ళు కిందకి పోకుండా గోనెలు పరిచి పీపాల్లోకి పిండారు. ఇది చట్టంలో లేదు. బాయిలర్ కడిగిన నీళ్ళని మాత్రమే నేను రాశాను. కప్పులు కడిగిన నీళ్ళూ అలాంటివేగా అని జనమే అనుకున్నారు. సూరిబాబు సొంతంగా ఆలోచించి మొదటి గోనె పరిచాడు.

23వ రోజు

కుంటల్లో నాచు పిండారు. నూనె కావలసినదానిలో ముప్పావు వంతు వస్తోంది. నల్లనూనె ట్యాంకుల్లో ఇంకా మూడో వంతుంది. సభలో ఐసు గోదాం వాళ్ళు లేచి చట్టం ఇంకో పది రోజులు పొడిగించమన్నారు. ఉన్న నూనె పారబోసుకుంటామా, చేపలకి ఐసైనా పనికొస్తుంది కదా అని. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఒకడు. నేను లేవబోయాను.

నాకంటే ముందు కామేశం గారు లేచారు. "మూడు రోజులు మరిడమ్మ గారు మా ముందుగదిలో పడుకున్నారు," అన్నారు. "ఆ దగ్గు నేను గోడ అవతల్నించి విన్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ దగ్గుతున్నారని నాకు తెలుసు, ఎప్పుడూ వినలేదు. తక్కువైన పావు వంతు నూనెకి నీళ్ళొక బిందె తగ్గించుకుందాం. మా ఇంటితో మొదలెట్టండి."

పొడిగింపుకి చేతులు లేవలేదు. ఐసు గోదాం వాళ్ళవి కూడా.

24వ రోజు

సాయంత్రం ఐదింటికి ట్యాంకులకి మళ్ళీ సీలు వేశాం. చట్టం మీద అడ్డగీత కొట్టాను. ఆసుపత్రిలో ఒక్క గాజుపెట్టె మాత్రం ఇంకా వెలుగుతోంది, మంచి నూనెతో. పొగ తగిలి దగ్గినవాళ్ళు ఇరవై తొమ్మిది మంది, పోయినవాళ్ళు లేరు. అక్క ఊపిరి 205. మునుపటంత రాదనీ, ఇక తగ్గదనీ డాక్టరమ్మ అంది. ఆ తగ్గిన పాతిక నా ఖాతాలోదే. గోడ మీద రాసేటప్పుడు అక్క నా వంక చూసింది.

గీత కొట్టిన కాసేపటికి రేడియోలో పిలుపొచ్చింది. దక్షిణాన ఉప్పుదిబ్బ అనే ఊరు, అదే తుపాను వాళ్ళనీ తాకింది. వాళ్ళ దగ్గరా పాత నల్లనూనే మిగిలింది. మా చట్టం సంగతి విన్నారట, చదివి వినిపించమన్నారు. వినిపించాను, గొంతు సవరించుకుని మరీ.

అవతల మనిషి అంతా రాసుకుని, "గాలి సంగతి బాగుందండి. కానీ మాది మీలాంటి ఊరు కాదు, మాకు గాలి నాలుగు వైపులా తిరుగుతుంది. ఆ జెండా మేమెవరికివ్వాలి? ఇంజనీరుకా, డాక్టరుకా, ఊరి పెద్దకా?" అన్నాడు.

మంచి ప్రశ్న. దీనికి కనీసం మూడు వాక్యాలు కావాలని ఆలోచనలో పడ్డాను. పక్కన కుర్చీలో ఉన్న అక్క చెయ్యి చాపి మైకు లాక్కుంది.

"మీ ఊళ్ళో ముందు ఎవరు దగ్గుతారో వాళ్ళకివ్వండి నాయనా," అంది.

అవతల కాగితం మీద కలం గీసిన చప్పుడు వినిపించింది.

"ఇది చెప్పిందెవరండి? మీ సభాపెద్ద గారా?" అని అడిగాడు.

"కాదండి," అన్నాను. "మా మరిడమ్మక్క."